విద్యుత్ కారులో దూరాభారం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

విద్యుత్ కార్ల గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నాయి. ఊళ్లో తిరగడానికి బాగానే ఉంది, పొలిమేర దాటితే చార్జింగ్ మాటేమిటి అని పాఠకులు అడుగుతున్నారు. పదిమందికీ పనికొచ్చే ప్రశ్నలను ఎంచుకుని ఈసారి వాటికే చోటు కేటాయించాం.

ప్రశ్న: మాకు 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న నెక్సాన్ ఈవీ ఉంది. ఒకసారి పూర్తిగా చార్జ్ చేస్తే 489 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ వారి కాగితాలలో ఉంది. ఇంతవరకు నగరం దాటించలేదు. దసరా సెలవులకు భార్యాపిల్లలతో విశాఖపట్నం వెళ్లాలనుకుంటున్నాం. ఒక్క రోజులో చేరగలమా? ఎక్కడెక్కడ ఆగాలి?
– ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: నిశ్చింతగా చేరగలరు, కానీ ముందుగా ఆ 489 అంకెను మనసులోంచి తీసివేయండి. అది ప్రయోగశాలలో రోలర్ల మీద చక్రాలను నిర్ణీత వేగాలతో తిప్పి, ఏసీ వేయకుండా తీసిన లెక్క. రెండు కార్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి అది ఉపయోగపడుతుందే తప్ప ప్రయాణానికి ఆధారం కాజాలదు. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ, జాతీయ రహదారి మీద గంటకు 90 కిలోమీటర్ల వేగం, ఇవన్నీ కలిస్తే మీ కారు యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు ఇస్తుందని లెక్క వేసుకోండి. అంతకన్నా ఎక్కువ వస్తే సంతోషమే, కానీ ప్రణాళిక మాత్రం తక్కువ అంకె మీదే నిలబడాలి.

ఇప్పుడు దారి చూద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడ మీదుగా విశాఖ దాదాపు 625 కిలోమీటర్లు. ఇంటి దగ్గర రాత్రంతా చార్జ్ చేసి నూరు శాతంతో తెల్లవారుజామున బయలుదేరితే, 135 కిలోమీటర్ల దూరంలోని సూర్యాపేట చేరేసరికి 21 యూనిట్లు ఖర్చై బ్యాటరీలో 54 శాతం ఉంటుంది. అక్కడ పిల్లలు ఎలాగూ టిఫిన్ అంటారు కాబట్టి, ఆ అరగంటలో 85 శాతానికి తెచ్చుకోండి. సూర్యాపేట నుంచి విజయవాడ 140 కిలోమీటర్లు, చేరేసరికి 37 శాతం మిగులుతుంది. విజయవాడలో గానీ, ఊళ్లో రద్దీకి జడిస్తే దాటిన తర్వాత హనుమాన్ జంక్షన్ వైపు గానీ ఆగి, మళ్లీ 85 దాకా ఎక్కించండి. విజయవాడ నుంచి రాజమహేంద్రవరం 160 కిలోమీటర్లు, చేరేటప్పటికి 30 శాతం. అక్కడ ముప్పావుగంట ఆగితే మళ్లీ 85 అవుతుంది. మిగిలిన 190 కిలోమీటర్లూ పూర్తిచేసి విశాఖలో అడుగుపెట్టేసరికి 20 శాతం ఉంటుంది. మొత్తం మూడు ఆగుడులు, రెండు గంటలు. చంటిపిల్లలున్న కుటుంబం పెట్రోలు కారులో వెళ్లినా ఇంచుమించు అంతసేపే ఆగుతుంది.

ప్రతిచోటా 85 దగ్గరే ఎందుకు ఆపమన్నామో చెప్పాలి. ఫాస్ట్ చార్జర్ మీద బ్యాటరీ 80 శాతం వరకు గబగబా ఎక్కుతుంది. ఆ తర్వాత, బిందె మూతి దగ్గరికి నీళ్లు వచ్చినప్పుడు ధార తగ్గించినట్టుగా, బ్యాటరీని కాపాడుకోవడానికి కారు తనంతట తానే విద్యుత్తును తగ్గించి తీసుకుంటుంది. పదిహేను శాతం కోసం మరో అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూర్చోవలసి వస్తుంది. మీ వెనక మరో కారు కాచుకుని ఉంటే అది వారికీ ఇబ్బంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. ఆగే చోటు ఎంచుకునేటప్పుడు, అక్కడ ఒక్క చార్జింగ్ స్టేషన్ కాకుండా, పది పదిహేను కిలోమీటర్ల లోపల వేరే సంస్థకు చెందిన రెండోది కూడా ఉందో లేదో చూసుకోండి. రెండోది లేని చోటును నమ్ముకోవద్దు. అవి రోడ్డుకు ఏ పక్కన ఉన్నాయో కూడా మ్యాపులో దగ్గరగా చూడండి. డివైడరుకు అవతల ఉన్న స్టేషన్ తెర మీద రెండు వందల మీటర్ల దూరంలోనే కనిపిస్తుంది గానీ, యూటర్న్ కోసం ముందుకు వెళ్లి వెనక్కి రావడానికి ఐదారు కిలోమీటర్లు పట్టవచ్చు. రహదారులకు రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాలలోనే రాసింది. ఆ రెండు వైపులా అన్న మాటకు ఎంత విలువ ఉందో కుటుంబంతో వెళ్లేవారికే తెలుస్తుంది.

ప్రశ్న: నెమ్మదిగా నడిపితే చార్జ్ ఎక్కువసేపు వస్తుందంటారు. ఎంత తేడా ఉంటుంది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: గాలిని చీల్చుకుని వెళ్లడానికి కావలసిన బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళితే వేగం పెరిగేది పాతిక శాతమే అయినా గాలి అడ్డు 56 శాతం పెరుగుతుంది. పై ఉత్తరంలోని కారు వంటిది 80లో యూనిట్‌కు ఏడున్నర కిలోమీటర్లు ఇస్తే, 100లో ఆరు కిలోమీటర్లకు కాస్త దిగువన ఇస్తుంది. 140 కిలోమీటర్ల దూరాన్ని 100 వేగంతో వెళితే 21 నిమిషాలు కలిసొస్తాయి గానీ, అదనంగా ఖర్చయిన ఐదారు యూనిట్లను తిరిగి నింపుకోవడానికి అందులో సగం చార్జర్ దగ్గరే పోతుంది. మిగిలిన పది నిమిషాల కోసం చేతిలో ఉన్న నిల్వను కరగదీసుకోవడం మాకైతే సమంజసంగా తోచదు. దారిలో శాతం అనుకున్నదానికన్నా తొందరగా తగ్గుతున్నట్టు గమనిస్తే మాత్రం, ఏసీ కట్టేసి చెమటలు కక్కేకన్నా వేగాన్ని 75కు దించడం మంచి ఉపాయం.

ప్రశ్న: బెంగళూరు నుంచి తిరిగి వస్తూ 44వ నంబరు రహదారి పక్కన ఒక స్టేషన్‌లో ఆగాం. యాప్‌లో ఖాళీగా ఉన్నట్టు చూపించింది. తీరా వెళితే చార్జర్ పనిచేయలేదు. చెప్పేవారు లేరు, అడిగేవారు లేరు. బ్యాటరీలో 9 శాతమే ఉంది. రాత్రి తొమ్మిది గంటలకు పిల్లలతో రోడ్డు మీద నిలబడ్డాం. ఇలాంటప్పుడు ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు పడిన అవస్థ చదివి చాలా బాధ కలిగింది. ఇటువంటి ఉత్తరాలు ఇంకా వస్తున్నాయంటే, స్టేషన్ల సంఖ్య పెంచడంలో చూపిన ఉత్సాహాన్ని వాటి నిర్వహణలో చూపలేదని అర్థం. పెట్రోలు బంకులో మనిషి ఉంటాడు, పంపు చెడితే పక్క పంపు చూపిస్తాడు. చాలా చార్జింగ్ స్టేషన్లలో ఆ మనిషే లేడు.

ముందుగా అప్పటికప్పుడు చేయదగినవి చెబుతాం. చార్జర్ పెట్టె మీద పుట్టగొడుగు ఆకారంలో ఒక పెద్ద ఎర్ర మీట ఉంటుంది. అది ప్రమాద సమయంలో కరెంటు ఆపడానికి పెట్టినది. ఆడుకునే పిల్లలో, తెలియక నొక్కినవారో దాన్ని లోపలికి నొక్కేసి వెళ్లిపోతే యంత్రం మొత్తం నిలిచిపోతుంది. తెర మీద ఎమర్జెన్సీ అన్న మాట కనిపిస్తే, ముందు పెట్టె మీద రాసి ఉన్న సహాయ నంబరుకు ఫోన్ చేయండి. కాలిన వాసన, తెగిన తీగ, నిలిచిన నీళ్లు వంటివేమీ లేవని చూసుకున్న తర్వాత వారి అనుమతితో ఆ మీటను బాణం గుర్తు చూపిన వైపుకు తిప్పితే అది పైకి లేస్తుంది, రెండు మూడు నిమిషాల్లో యంత్రం మళ్లీ మొదలవుతుంది. ఇతర లోపాలను కూడా సంస్థవారు తమ కార్యాలయం నుంచే యంత్రాన్ని ఆపి తిరిగి నడిపించి సరిచేయగలరు. కాబట్టి ఫోన్ చేయకుండా వెనుదిరగవద్దు. చార్జర్ తీగ చివర ఉండే గన్ను కారులో సరిగా కూర్చోకపోయినా చార్జింగ్ మొదలుకాదు. బరువైన తీగ గన్నును కిందికి లాగుతుంటుంది కాబట్టి, మొదటి అరనిమిషం దాన్ని చేత్తో కాస్త పైకి పట్టి ఉంచండి.

బయలుదేరే ముందు చేయవలసినవి ఇంతకన్నా ముఖ్యమైనవి. ఖాళీగా ఉంది అని యాప్ చూపడానికీ, పనిచేస్తోంది అనడానికీ తేడా ఉంది. ప్లగ్‌షేర్ వంటి యాప్‌లలో అక్కడ చార్జ్ చేసుకున్నవారు రాసిన తాజా అభిప్రాయాలు ఉంటాయి. నిన్నో మొన్నో ఎవరైనా అక్కడ చార్జ్ చేసుకున్నట్టు కనిపిస్తే ధైర్యంగా వెళ్లవచ్చు. చివరి మాట మూడు నెలల కిందటిదైతే అనుమానించాలి. మీ దారిలో ఉన్న మూడు నాలుగు సంస్థల యాప్‌లను ఇంటి దగ్గరే ఫోన్‌లో వేసుకుని, కారు వివరాలు నమోదు చేసి, ఒక్కోదానిలో కొంత డబ్బు వేసి ఉంచుకోండి. సిగ్నల్ సరిగా అందని చోట, చీకట్లో, ఓటీపీ కోసం ఎదురుచూస్తూ కొత్త యాప్ తెరవడం నరకం. వెతికేటప్పుడు ఇప్పటి కార్లకు సరిపోయే సీసీఎస్-2 రకం గన్ ఉన్నవాటినే చూపమని యాప్‌కు చెప్పండి. మొదటి తరం కార్ల కోసం పెట్టిన పాత రకం గన్లు ఇంకా కొన్నిచోట్ల ఉన్నాయి, అవి ఇప్పటి కార్లకు పట్టవు.

9 శాతంతో స్టేషన్‌కు చేరారంటే రెండో అవకాశం లేకుండా చేరినట్టే. చార్జర్ దగ్గరికి కనీసం 20 శాతంతో చేరేలా చూసుకోండి. 45 యూనిట్ల కారులో ఆ 20 శాతం మరో యాభై కిలోమీటర్లకు పైగా నడిపిస్తుంది, కర్నూలు–అనంతపురం మధ్య ఆ దూరంలో ఏదో ఒక ఊరు తప్పక వస్తుంది. మీకు జరిగినదాన్ని స్టేషన్ నిర్వాహక సంస్థకు రాతపూర్వకంగా తెలపండి. చార్జింగ్ స్టేషన్ల ఏర్పాటుకు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్), తెలంగాణలో టీజీరెడ్కో అనే ప్రభుత్వ సంస్థలు నోడల్, అంటే సమన్వయ బాధ్యత చూసే సంస్థలుగా ఉన్నాయి కాబట్టి వాటికి కూడా ఒక ప్రతి పంపండి. ఫిర్యాదు నమోదు కాని చోట లోపం ఉన్నట్టు ఎవరూ ఒప్పుకోరు.

ప్రశ్న: సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరికి వెళ్లేటప్పుడు పంతంగి టోల్ దగ్గర గంటలకొద్దీ నిలిచిపోతాం. అలా నిలబడితే బ్యాటరీ అయిపోదా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఈ భయం అక్కర్లేదు. నిలబడి ఉన్న విద్యుత్ కారులో మోటారుకు ఖర్చు లేదు, ఏసీ, లైట్లు మాత్రమే వాడుకుంటాయి. జనవరి వాతావరణంలో గంటకు ఒకటి, ఒకటిన్నర యూనిట్లు పోతాయి, అంటే మూడు శాతం. అసలు చిక్కు టోల్ దాటాక మొదలవుతుంది. పండుగ ముందు రెండు రోజులూ మీలాగే బయలుదేరిన విద్యుత్ కార్లన్నీ అక్కడి నుంచి కోదాడ వరకు ఉన్న స్టేషన్ల ముందు బారులు తీరతాయి. ఒకే యంత్రానికి రెండు గన్లు ఉంటే, రెండు కార్లు తగిలించగానే చాలా యంత్రాలలో శక్తి చెరి సగం అవుతుంది. 60 కిలోవాట్లని రాసి ఉన్నది మీకు 30 మాత్రమే ఇస్తుంది, అరగంట పని గంటవుతుంది. భోగికి రెండు రోజుల ముందు సాయంత్రం కాకుండా మరో రోజు తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరగలిగితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. సెలవు దొరకనివారు సూర్యాపేట వంటి అందరూ ఆగే చోటును వదిలేసి, అంతకు ముందు నార్కట్‌పల్లి, నకిరేకల్ ప్రాంతంలోనే అవసరమైనంత వరకు ఎక్కించుకుని ముందుకు సాగడం మేలు.

ప్రశ్న: ఖర్చు నిజంగా తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తగ్గుతుంది గానీ, ఇంటి దగ్గర చార్జ్ చేసుకున్నంత తగ్గదు. రహదారి పక్కన ఫాస్ట్ చార్జర్లలో చాలాచోట్ల యూనిట్ ధర 18 నుంచి 25 రూపాయల మధ్య ఉంటుంది, ఆ సేవ మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది కనుక, యాప్‌లో చూపే ధర పన్ను కలిపినదో కాదో చూసుకోవాలి. హైదరాబాద్–విజయవాడ 275 కిలోమీటర్లకు 42 యూనిట్లు అవుతాయి, యూనిట్ 20 రూపాయల లెక్కన 850 రూపాయల లోపు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు, లీటరు 107 రూపాయల లెక్కన, 1,950 రూపాయలు దాటుతుంది.

ప్రశ్న: అమ్మానాన్నలను శ్రీశైలం తీసుకువెళ్లాలి. అడవి దారిలో విద్యుత్ కారు మంచిది కాదని అందరూ వెనక్కి లాగుతున్నారు. మీ సలహా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: తీసుకువెళ్లండి. ఈ దారికి ఒకే ఒక నియమం ఉంది. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు దాటేటప్పుడు బ్యాటరీలో 80 శాతం ఉండాలి. అక్కడి నుంచి శ్రీశైలం సుమారు 80 కిలోమీటర్లు, రానూపోనూ 160. మలుపులు, ఎత్తుపల్లాలు ఉన్న దారి కాబట్టి యూనిట్‌కు ఆరు కిలోమీటర్లే అనుకున్నా, 45 యూనిట్ల కారుకు 60 శాతం చాలు. అంటే కొండ మీద చార్జర్ దొరికినా దొరకకపోయినా, దొరికింది చెడిపోయి ఉన్నా, మీరు తిరిగి మన్ననూరు చేరేసరికి ఇంకా 20 శాతం మిగిలి ఉంటుంది. బస చేసే సత్రంలో 16 యాంపియర్ల సాకెట్ వాడుకోనిస్తే అది అదనపు లాభం. దాని మీద ఆశపెట్టుకుని మాత్రం వెళ్లవద్దు. బ్యాటరీ ఇంతకన్నా చిన్నదైతే, ఉదాహరణకు 24 యూనిట్ల టియాగో ఈవీ అయితే, ఈ లెక్క కుదరదు. పైన చార్జింగ్‌కు చోటు ఖాయమైతే తప్ప ఆ కారుతో వెళ్లమని చెప్పలేం.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఆ రహదారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తారు. చార్జింగ్ కోసం సాయంత్రం ఎక్కడో ఆలస్యమై, గేటు పడే వేళకు అక్కడికి చేరితే పెద్దవాళ్లతో రాత్రంతా ఇబ్బంది. కల్వకుర్తి వైపు పగటిపూటే చార్జింగ్ ముగించుకోండి. అడవిలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు, అందుచేత మ్యాపును ముందే ఫోన్‌లో దాచుకోండి. ఈగలపెంట దాటాక ఆనకట్ట వైపు దిగే మలుపులలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మోటారే జనరేటర్‌గా మారి బ్యాటరీకి కొంత తిరిగి ఇస్తుంది. నాన్నగారు శాతం తగ్గకుండా ఒకటి పెరగడం చూసి ఆశ్చర్యపోతారు.

ప్రశ్న: అరకు ఘాట్ ఎక్కడానికి ఎంత చార్జ్ అదనంగా కావాలి?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: మనుషులతో కలిపి 1,800 కిలోల బరువున్న కారును అరకు ఉన్న 900 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి భౌతికశాస్త్రం ప్రకారం దాదాపు నాలుగున్నర యూనిట్లు కావాలి. అనంతగిరి దగ్గర దారి అంతకన్నా పైకి వెళ్లి దిగుతుంది కాబట్టి ఏడు యూనిట్లు అనుకోండి. దిగేటప్పుడు అందులో మంచి భాగం తిరిగి వస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం మరవద్దు. అరకులో రాత్రి బస చేసి నూరు శాతం నింపుకుని దిగితే, నిండిన బ్యాటరీకి తీసుకునే చోటు ఉండదు, మోటారు ద్వారా పడే బ్రేకు బలహీనపడి భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. 85, 90 దగ్గర ఆపి బయలుదేరండి.

ప్రశ్న: మా అత్తగారి ఊరు నరసరావుపేట దగ్గర పల్లెటూరు. అక్కడ కారుతో వచ్చిన చార్జర్‌ను సాకెట్‌లో పెడితే ఎర్ర లైటు వెలిగి ఆగిపోతోంది. ఎర్తింగ్ లేకపోయినా పనిచేసేలా చేసే ప్లగ్గులు దొరుకుతున్నాయట, కొనమంటారా?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: దయచేసి కొనవద్దు. ఆ ఎర్ర లైటు మీ ప్రాణాన్ని కాపాడుతోంది. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో కారుకు ఎక్కడైనా కరెంటు లీకైతే, తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి తలుపు పట్టుకున్న మనిషి గుండానే అది భూమిలోకి పోతుంది. ఎర్తింగ్ ఉన్నట్టు చార్జర్‌ను మభ్యపెట్టే ప్లగ్గు ఆ లోపాన్ని సరిచేయదు, మన కళ్లకు కనిపించకుండా చేస్తుంది.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. చాలా ఇళ్లలో పెరట్లో ఎర్త్ గుంట ఉంటుంది, ఉప్పు, బొగ్గు వేసి కట్టినది, కానీ ఏళ్ల తరబడి నీళ్లు పోయక ఎండిపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, దాన్ని బాగుచేయించి లేదా కొత్తది తీయించి, మీటరు దగ్గర నుంచి కారు నిలిపే చోటుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడిగా ఒక లైను, దానికి తగిన ఎంసీబీ, లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ, మంచి 16 యాంపియర్ల సాకెట్ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ పెట్టెలు వాడవద్దు, పది గంటల నిరంతర లోడుకు అవి కరిగిపోతాయి. ఈ పద్ధతిలో గంటకు మూడు యూనిట్ల లోపే ఎక్కుతుంది, రాత్రి పది గంటలు ఉంచితే 28 యూనిట్ల వరకు వస్తుంది. తిరుగు ప్రయాణంలో చార్జర్ల వేట లేకుండా చేసేది ఇదే కనుక, ఫాస్ట్ చార్జర్ల గురించి ఎంత మాట్లాడినా, దూర ప్రయాణానికి అసలైన ఆధారం చేరిన చోట దొరికే ఈ మామూలు సాకెట్టేనని మా అభిప్రాయం.

మంజూరైన లోడు ఒక కిలోవాట్ మాత్రమే ఉంటే విద్యుత్ కార్యాలయంలో పెంచమని దరఖాస్తు చేయాలి. మూడు రాత్రులు చార్జ్ చేస్తే ఎనభై తొంభై యూనిట్లు పెరిగి వారి బిల్లు పై శ్లాబుకు వెళుతుంది. అత్తగారు అడగరు, మీరే గుర్తుంచుకుని ఇవ్వండి. పొలం మోటారు లైను నుంచి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోవద్దు. ఉచిత విద్యుత్తు వ్యవసాయ పంపుసెట్లకు ఇచ్చినది, దాన్ని కారుకు మళ్లిస్తే అనధికార వినియోగం కింద అత్తగారిపై కేసు అవుతుంది.

ప్రశ్న: ఫాస్ట్ చార్జింగ్ వల్ల బ్యాటరీ త్వరగా పాడవుతుందా? ముఖ్యంగా మన రామగుండం ఎండల్లో?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: బ్యాటరీకి శత్రువు వేడి. అయితే ఇప్పటి కార్లలో ఉష్ణోగ్రతను గమనించి చార్జింగ్ వేగాన్ని తగ్గించే ఏర్పాటు ఉంటుంది. అందుకే మే నెల మధ్యాహ్నం అదే చార్జర్ మీద ఎక్కువసేపు పట్టడం మీరు గమనించి ఉంటారు. నెలకు రెండు మూడు ప్రయాణాలలో ఫాస్ట్ చార్జింగ్ వాడితే దిగులు పడనక్కర్లేదు, చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. ఎండాకాలంలో తెల్లవారకముందో, పొద్దుగూకాకో చార్జ్ చేసుకోండి.

ప్రశ్న: నేను మందుల కంపెనీ ప్రతినిధిని. వారానికి నాలుగు రోజులు ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు తిరుగుతాను. అద్దె ఇల్లు, కారు వీధిలోనే పెడతాను. ఉన్న డీజిల్ కారు అమ్మేసి విద్యుత్ కారు కొనాలనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, నిర్మల్

జవాబు: ఇప్పుడు కొనవద్దు. రాత్రి చార్జ్ చేసుకోవడానికి మీకంటూ ఒక సాకెట్ లేదు, పగలు మీరు తిరిగే దారులలో ఒక చార్జర్ చెడితే రెండోదానికి చాలా దూరం పోవాలి. ఆ రెండింటిలో ఒకటైనా ఉంటే మా జవాబు వేరుగా ఉండేది. ముందుగా ఇంటి యజమానితో మాట్లాడి, మీ మీటరు నుంచి గోడ మీద ఒక 16 యాంపియర్ల సాకెట్ పెట్టుకోవడానికి, కారు ఆవరణలో నిలపడానికి ఒప్పించండి. ఒప్పుకుంటే 50 యూనిట్లకు పైబడిన బ్యాటరీ ఉన్న కారును రెండు రోజులు అద్దెకు తీసుకుని, మీ ఉట్నూరు దారిలోనే, మీ మామూలు పని వేళల్లోనే తిప్పి చూడండి. రెండు సాయంత్రాలూ ఫాస్ట్ చార్జర్ అవసరం లేకుండా 20 శాతానికి తగ్గకుండా ఇల్లు చేరితే, ఆ లెక్కలతో మాకు మళ్లీ రాయండి.